తల్లి సంతకం చాలు

డిగ్లీపూర్,
జూన్ 16.

గురునాథం మాస్టారికి,

నమస్కారం అని రాయాలనిపించడం లేదు. మీ దగ్గర తెలుగు నేర్చుకున్నాను కాబట్టి అలవాటు కొద్దీ మాస్టారికి అని మొదలుపెట్టాను. ఫోన్ చేద్దామంటే నా నంబరు ఆపేశారు. ఇంటికొస్తే గేటు తియ్యలేదు. అందుకే ఈ ఉత్తరం. చింపెయ్యకుండా చదవండి.

నాకు కూతురు పుట్టిందని నాకు ఎవరూ చెప్పలేదు. మొన్న క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చి ఓడ దిగాక మా అమ్మ చెప్పింది. సింధూరి పుట్టింటికి వచ్చి మీ దగ్గరే పురుడు పోసుకుందట. నెల తిరక్కుండానే పిల్లని హోమ్‌లో అప్పగించి, దత్తతకి ఇచ్చేస్తున్నానని పిల్లల కమిటీ ముందు సంతకం పెట్టేసిందట. పరుగెత్తుకుంటూ ఆ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. "భయ్యా, షాదీ హుయీ క్యా?" అని అడిగింది. పెళ్ళి కాలేదన్నాను. "అయితే తల్లి సంతకం చాలు. తండ్రిని మేం అడగం," అంది. రెండు నెలల్లోపు మనసు మార్చుకుంటే బిడ్డని వెనక్కి ఇస్తారట. మార్చుకోవాల్సింది కూడా తల్లేనట. నేను కూర్చున్న కుర్చీకి ఎంత విలువుందో నాకూ అంతే.

సింధూరి ఇలాంటి పని తనంతట తాను చెయ్యదు. ఏడాదికి పైగా ఒకే గదిలో బతికాం, నాకు తెలుసు. ఇది మీ పని. మీకు పరువు కావాలి, లంబాలైన్‌లో మీతో పొద్దున్నే నడకకి వచ్చే రిటైర్డ్ మిత్రుల ముందు తలెత్తుకోవాలి. ఈ దీవుల్లో కులం లేదు, అందరం ఓడ దిగి వచ్చినవాళ్ళమే అని క్లాసులో చెప్పేవారు. అదే, మేం ఆ గదిలో చేరకముందు మా అమ్మ పిల్లనడగడానికి మీ ఇంటికొస్తే గేటు బయటే నిలబెట్టారు.

సింధూరి ఎక్కడుందో చెప్పండి. ఒక్కసారి మాట్లాడతాను. నన్ను పెళ్ళి చేసుకోవడం ఇష్టం లేకపోతే మానెయ్యమనండి, పిల్లని నాకివ్వమనండి. నా కూతుర్ని నేను పెంచుకుంటాను. ఆగస్టు మొదటి వారంతో గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఎవరి కాళ్ళు పట్టుకున్నా లాభం లేదని చెప్పారు.

ఫణికుమార్


లంబాలైన్, పోర్ట్‌బ్లెయిర్,
జూన్ 24.

ఫణికుమార్‌కి,

నీ ఉత్తరం అందింది. తప్పులు ఎర్ర సిరాతో దిద్ది ఇందులోనే పెట్టాను. బోటు ఇంజన్లు బాగుచేసే చెయ్యి కదా, ఒత్తులు అక్కడక్కడా ఊడిపోయాయి.

ముందు మీ అమ్మ సంగతి. కాసులమ్మ మా ఇంటికి వచ్చిన మాట నిజమే. ఖాళీ చేతులతో వెళ్ళి పిల్లనడగకూడదని మీ వాళ్ళ పద్ధతట, చేతికర్ర పొడవున్న వంజరం చేపని పట్టుకొచ్చింది. మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదని నీకు తెలుసు, ఆవిడకి చెప్పాలని నీకు తోచలేదు. నేను లోపలికి రమ్మనలేదు. ఆవిడ ఆ చేపని గేటుకి తగిలించి, నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయింది. ఆ పూట లంబాలైన్ పిల్లులన్నీ నా ఇంటి ముందే సభ పెట్టాయి.

ఇక నీ హక్కు. ఆ చట్టం నేను రాయలేదు. పెళ్ళి కాని తల్లికి పుట్టిన బిడ్డకి తల్లే సంరక్షకురాలు, ఆమె తర్వాతే తండ్రి. ఆఫీసులో ఇదే చెప్పారు, నీకు అర్థమైంది, అయినా వచ్చి నా మీద అరుస్తున్నావు. అలా ఎందుకు రాశారో నాకు తెలీదు. కడుపు చేసి కనపడకుండా పోయినవాళ్ళని చూసీ చూసీ రాసి ఉంటారు.

గుచ్చుకుందా? అయితే ఇంకొకటి కూడా విను. మూడో నెలలో సింధూరి నీకు విషయం చెప్పింది. ఆ వారంలోనే క్యాంప్‌బెల్ బేలో బార్జి మీద పనుందని నువ్వు ఓడెక్కావు. ఈ దేశానికి అదే చిట్టచివర, అంతకన్నా దూరం పారిపోవడానికి నేల లేదు. ఎన్నిసార్లు చేసినా నీ ఫోను మోగేది కాదు. మోగినప్పుడు నువ్వు ఎత్తలేదు. ఏడో నెల కడుపుతో అది డిగ్లీపూర్‌లో బస్సెక్కి, పగలంతా కుదుపులు తిని, అడవి దారిలో బళ్ళన్నీ కలిపి పంపే కాన్వాయ్ కోసం ఎండలో ఆగి, ఒంటరిగా వచ్చి నా గుమ్మం ముందు దిగింది. ఆ రోజు ఎక్కడున్నావు తండ్రీ? నీ ఉత్తరంలో ఈ భాగం ఒక్క ముక్క లేదు.

సింధూరి ఎక్కడుందో చెప్పను. పిల్లని అప్పగించాలని నిర్ణయించింది నేను. దగ్గరుండి సంతకం పెట్టించిందీ నేనే. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, పైన అడ్రసు ఉంది.

గురునాథం


డిగ్లీపూర్,
జూలై 3.

గురునాథం గారికి,

ఈసారి మాస్టారు అని రాయలేదు, గమనించండి.

క్యాంప్‌బెల్ బే గురించి అడిగారు. అవును, వెళ్ళాను. భయమేసింది. ఇంజను ఆగిపోయి నడి సముద్రంలో ఊగినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. కాస్త నిలదొక్కుకుని వచ్చి మళ్ళీ పెళ్ళి మాట ఎత్తుదామనుకున్నాను. అక్కడ నెట్‌వర్క్ లేదన్నది సగమే నిజం. మిగతా సగం సింధూరికి చెప్పుకుంటాను, మీకు కాదు.

కానీ ఒకటి చెప్పండి. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడైనా సరే, తాళి కట్టాడు గనక వాడి సంతకం లేకుండా వాడి బిడ్డని ఎవరికీ ఇవ్వరు. భయపడి ఆలస్యంగా వచ్చిన నన్ను మాత్రం ఒక్క మాట అడగక్కర్లేదు. ఇది న్యాయమేనా? మీరే కదా మాకు న్యాయం గురించి పద్యాలు బట్టీ పట్టించింది.

వకీలు తిరుమలరావు గారిని కలిశాను. ఆయన ఒక దారి చెప్పారు. పెళ్ళి కాకపోయినా ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లాగా ఒకే ఇంట్లో బతికి ఉంటే, వాళ్ళ బిడ్డని పెళ్ళైనవాళ్ళ బిడ్డలాగే చూడాలనీ, తండ్రిని కూడా అడగాలనీ మెయిన్‌లాండ్‌లో ఒక హైకోర్టు చెప్పిందట. ఇక్కడ దాన్ని ఒప్పుకుంటారో లేదో తెలీదు, అడిగి చూద్దాం అన్నారు. అమ్మాయి తరఫు పెద్దవాళ్ళు ఎవరైనా ఆ మాట చెబితే మనకి బలం వస్తుందన్నారు.

ఆ మాట మీరు చెప్పగలరు. దసరాకి మీరు డిగ్లీపూర్ వచ్చారు. మా గదిలో, మా మంచం మీద కూర్చుని సింధూరి వండిన టమాటా పప్పు తిన్నారు. పక్కింటి బెంగాలీ ఆవిడ నన్ను మీకు చూపించి "జమాయ్, బహుత్ అచ్ఛా జమాయ్" అంటే, అల్లుడని అంటోందని తెలిసి కూడా మీరు నవ్వి ఊరుకున్నారు. బయల్దేరే ముందు సంచిలోంచి పంచె, చొక్కా గుడ్డ తీశారు. అంచులకి పసుపు రాసి, నాకు బొట్టు పెట్టి, చేతిలో పెట్టారు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఒరే, మాస్టారు నిన్ను అల్లుడనేసుకున్నార్రా. బట్టలెట్టేసినారు, ఇంకేటి కావాల?" అని ఏడ్చింది. మీ వాళ్ళలోనైనా మా వాళ్ళలోనైనా అలా బట్టలు పెట్టేది ఎవరికి? గదిలో అద్దెకున్నవాడికా?

కమిటీకి అర్జీ పెట్టాను. మిమ్మల్ని పిలిచి అడుగుతారు. జరిగింది జరిగినట్టు చెప్పండి, అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఫణికుమార్


లంబాలైన్,
జూలై 12.

ఫణికుమార్‌కి,

నా దగ్గర చదివిన పిల్లలకి ఉద్యోగం వచ్చినా, ఇల్లు కట్టుకున్నా నేను బట్టలు పెడతాను. పసుపు రాయకుండా కొత్తబట్ట ఎవరి చేతిలోనూ పెట్టడం మా ఇంటి అలవాటు కాదు. నువ్వు దాన్ని పెళ్ళి కింద జమకట్టుకుంటే ఈ దీవుల్లో నాకు పాతికమంది అల్లుళ్ళు ఉన్నట్టు, అందులో ఇద్దరు పోలీసులు. కమిటీ వాళ్ళు అడిగితే ఇదే చెబుతాను.

మీ వకీలుకి కూడా ఒక మాట చెప్పు. ఈ గొడవలో నా కూతురి పేరు బజారున పడితే నేను ఊరుకోను. ఇక్కడ ఒక వీధిలో తుమ్మితే రెండో వీధిలో చిరంజీవ అంటారు. ఇవాళ కాకపోతే రేపు అది ఈ ఊరు తిరిగి రావాలి, నలుగురిలో నడవాలి. నీ పంతానికి దాని బతుకు ముడిసరుకు కాదు.

పిల్లని పెంచుతానంటున్నావు. ఎలా పెంచుతావో కాస్త రాయాల్సింది. సముద్రం మీదకి వెళ్తే ఎప్పుడొస్తావో నీకే తెలీదు. మీ అమ్మకి చూపు ఆనదు. పాలు కాస్త వేడైతే ఆ పిల్ల మూతి తిప్పేసుకుంటుంది, మళ్ళీ ఎంత బుజ్జగించినా తాగదు. అది కూడా తెలీనివాడివి, కన్నానన్న ఒక్క ముక్క పట్టుకుని వేళ్ళాడుతున్నావు. నిన్ను చూస్తే నాకు జాలి కూడా వెయ్యడం లేదు.

గురునాథం


డిగ్లీపూర్,
ఆగస్టు 2.

అయ్యా,

మొన్న కమిటీ గదిలో మీరు అబద్ధం చెప్పారు.

మేడమ్ మిమ్మల్ని ఎంత గౌరవంగా అడిగింది! "మాస్టర్‌జీ, వీళ్ళిద్దరూ మియా బీవీలాగా ఉండేవాళ్ళా? మీరు చూశారా?" అంది. మీరు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ గది మా అమ్మాయిది. హాస్పిటల్లో నర్సు పని కాబట్టి అక్కడ ఉండేది. ఈ అబ్బాయి నా పాత విద్యార్థి. నేనొచ్చానని తెలిసి చూడ్డానికి వచ్చాడు, బట్టలు పెట్టాను," అన్నారు. ఇద్దరూ కలిసి ఉండేవాళ్ళని తెలీదా అంటే తెలీదన్నారు. గొంతు తడబడలేదు. తలుపు వెనక మేకుకి నా చొక్కాలు వేళ్ళాడుతుంటే పక్కనే మీ సంచి తగిలించారు కదయ్యా! కమిటీ వాళ్ళు నా అర్జీ పక్కన పెట్టేశారు.

మీ మీద నాకున్న చిన్నప్పటి భయం, గౌరవం ఆ గదిలోనే పోయాయి. ఒక రకంగా మంచిదే.

బయటికొచ్చాక మరో సంగతి తెలిసింది. ఆటో నడిపే గవరయ్య మా అమ్మకి తమ్ముడి వరస. నన్ను షాదీపూర్‌లో మా ఇంటి దగ్గర దింపుతూ చెప్పాడు. "మాస్టార్ని జూన్లో నానే తీసుకెళ్ళినాను ఆ హోమ్ కాడికి, ఒకసారి కాదు. వాచ్‌మన్‌ని బతిమాలినారు. 'మై నానా హూఁ భాయ్, నానా కో భీ నహీ దేంగే క్యా' అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకటే ఏడుపు. లంబాలైన్ దాటిపోయినా సూసుకోలేదు."

పిల్లని పంపించింది నేనే అని మీ చేత్తో మీరే రాశారు. పంపించినవాడు వెళ్ళి, నేను తాతని, పిల్లని నాకివ్వండి అని గేటు దగ్గర ఏడుస్తాడా? పాలు వేడైతే మూతి తిప్పుకుంటుందని రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మీరు ఆడుతున్న ఆట ఏమిటో నాకు తెలీడం లేదు. ఏదైనా సరే నా కూతురితో ఆడుతున్నారు.

తిరుమలరావు గారు హైకోర్టు బెంచి ముందు వెయ్యడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నారు. పిల్లని ఎవరికీ ఇవ్వకుండా ముందు ఆపమని అడుగుతాం. మీరు జవాబు రాసినా రాయకపోయినా నేను సంతకం పెడతాను.

ఫణికుమార్


లంబాలైన్,
ఆగస్టు 9.

ఫణీ,

గడువు అయిపోయింది. సింధూరి మనసు మార్చుకోలేదు.

పిల్లని ఇచ్చెయ్యాలన్నది నేను కాదు. సింధూరే. నేనే అని నీకు రాసింది, నువ్వు నన్ను తిట్టుకుంటూ కూర్చుంటావని, దాని వెంట పడవని.

ఆ పిల్ల మూడు వారాలు నా ఇంట్లో ఉంది. సింధూరి తల్లి పోయాక ఈ ఇంట్లో అంత చప్పుడు ఎప్పుడూ లేదు. ఇచ్చెయ్యకే, నేను పెంచుతాను, నా కూతురేనని చెబుతాను, నువ్వు అక్కననుకో అని బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అది ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నాన్నా, అది నన్ను అక్కా అని పిలుస్తుంటే నేను ఈ ఇంట్లో అన్నం తినగలనా? నేను అమ్మని కాలేను, అక్కలా నటించలేను. దానికి పూర్తిగా అమ్మానాన్నలు కావాలి. మనందరం సగం సగం మనుషులం."

ఆఫీసులో మేడమ్ నన్ను బయటికి పంపేసి, దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగింది, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని. ఎవరూ లేరంది. బిడ్డ తండ్రికి చెప్పాలని ఉందా అని కూడా అడిగిందట. "పిలిచినప్పుడు రాలేదు. ఇప్పుడు నేను పిలవడం లేదు," అన్నదట. ఇంటికొచ్చాక నాకు చెప్పింది, ఏడవకుండా.

తర్వాత నేను దానికి తెలీకుండా వెళ్ళాను. తాతకి ఇవ్వొచ్చు కదా అని అడిగాను. బంధువులకి ఇవ్వాలన్నా తల్లి ఒప్పుకోవాలన్నారు. నీకు హక్కు లేదని అంత గట్టిగా రాసినప్పుడు నాది ఏపాటిదో నాకు తెలుసు.

ఇక నువ్వన్న దసరా సంగతి అక్షరాలా నిజం. నిన్ను అల్లుడనుకునే బట్టలు పెట్టాను. ఇంటికి వచ్చేదాకా బస్సులో సంతోషంగానే ఉన్నాను. మొన్న ఆ గదిలో, అవునమ్మా, వాళ్ళు మొగుడూ పెళ్ళాల్లాగే ఉండేవాళ్ళు అని నేను ఒక్క మాట అని ఉంటే, సింధూరి సంతకం ఒక్కటే చాలదని తేలేదేమో. పిల్ల ఇక్కడే ఆగేదేమో, నీ దగ్గరో నా దగ్గరో. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. నాకు పిల్ల కావాలి. నీకన్నా నాకే ఎక్కువ కావాలి, నువ్వు దాన్ని చూడనైనా లేదు.

కానీ మోసింది అది ఒక్కతే, కన్నది అది ఒక్కతే, ఆలోచించుకుని సంతకం పెట్టింది కూడా అది ఒక్కతే. ఇప్పుడు ఇద్దరు మగవాళ్ళం చేరి దాని సంతకం చెల్లదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే అబద్ధం చెప్పాను. నీకు అన్యాయం జరిగింది. క్షమించమని అడగను, నువ్వంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కోర్టుకి వెళ్తే వెళ్ళు. ప్రమాణం చేయించినా అక్కడ కూడా అదే అబద్ధం చెబుతాను. ఈ ఉత్తరం వాళ్ళకి చూపిస్తే మాత్రం నా మాట నిలవదు. అది తెలిసే రాస్తున్నాను.

గురునాథం


డిగ్లీపూర్,
ఆగస్టు 21.

మాస్టారికి,

నిన్న పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి తిరుమలరావు గారి దగ్గర కూర్చున్నాను. కాగితాలు నా ముందు పెట్టి, ఎక్కడెక్కడ సంతకం చెయ్యాలో చూపించారు. మీ ఉత్తరం నా జేబులో ఉంది. తీసి ఆయన చేతిలో పెడితే ఎగిరి గంతేసేవారు.

తియ్యలేదు. సంతకమూ చెయ్యలేదు. మీ మీద దయ అనుకోకండి. మిమ్మల్ని బోనులో నిలబెట్టి, చదివినదంతా ఇందుకేనా అని అడిగిస్తే నాకు ఆ రోజు పండగ. కానీ సింధూరి అన్న మాట ఒకటుంది. పిలిచినప్పుడు రాలేదు అన్నది. దాన్ని తప్పని నిరూపించండి అని వకీలుకి చెప్పాలంటే నాకు చేతకాలేదు. సింధూరి ఎదురుగా నిలబడితే నేను చెప్పగలిగింది అవును అనే.

మా అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. "నీ కూతుర్ని నువ్వే ఒగ్గేసినావు" అని ఒక్కటే మాట. ఆవిడకి చట్టం చెప్పి ఏం లాభం?

ఆ చట్టం సరైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. పిల్లని నాకు ఇవ్వకపోతే పోయారు, నన్ను పిలిచి ఒక్కసారి అడగాల్సింది. భయపడి దాక్కున్న ఆ నెలల్ని నేను మోస్తాను, అది నా పాపం. కానీ ఆ పిల్లకి తండ్రే లేనట్టు రాసుకుని ముందుకెళ్ళిపోయారు. అది మొయ్యడం నా వల్ల కావడం లేదు మాస్టారూ.

మిమ్మల్ని క్షమించలేదు. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. ఫోటో ఉంటే పంపండి. లేకపోతే ఎలా ఉంటుందో రాయండి. మీరు మూడు వారాలు ఎత్తుకున్నారు. నేను హోమ్ గోడ మాత్రం చూశాను. సింధూరిని అడిగే మొహం నాకు లేదు. మిమ్మల్ని తప్ప ఇంకెవర్ని అడగను?

ఫణికుమార్


లంబాలైన్,
సెప్టెంబర్ 1.

ఫణీ,

ఫోటో లేదు. సింధూరి తియ్యనివ్వలేదు. పేరు కూడా పెట్టనివ్వలేదు, పెట్టేవాళ్ళు వేరే వస్తారంది. నేను "ఏమే పిల్లా" అనేవాణ్ణి. ఆ మాటకే తల తిప్పేదని నా భ్రమ.

మనిషి చిన్నది. జుట్టు మాత్రం నెత్తి నిండా, నుదుటి మీదకి పడేది. రంగు మీ అమ్మ రంగు. పిడికిలి ఒక పట్టాన విప్పదు. విమానం దిగుతుంటే మా ఇంటి కిటికీలన్నీ అదురుతాయి, దానికి లెక్కే లేదు, హాయిగా నిద్రపోయేది. వంటింట్లో స్టవ్ లైటరు టక్కుమంటే మాత్రం ఉలిక్కిపడి లేచేది. ఏడవబోయే ముందు ఒక్క క్షణం ఆగేది. దగ్గర్లో మనిషి ఉన్నాడని తేల్చుకున్నాకే మొదలుపెట్టేది, పాలు పట్టేదాకా ఆపేది కాదు. నీళ్ళంటే ఇష్టం. స్నానం నేనే పోసేవాణ్ణి, ఎలా పట్టుకోవాలో సింధూరి నేర్పింది. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని వీపు మీద చెంబుతో పోస్తుంటే కిక్కురుమనేది కాదు.

సింధూరి పాలు పట్టేది, గుడ్డలు మార్చేది. ముద్దు చేసేది కాదు. హోమ్‌కి తీసుకెళ్ళిన రోజు పొద్దున మాత్రం, మొహం గీరుకుంటుందని గోళ్ళు తనే తీసింది. చాలాసేపు తీసింది. అవి ఎంతుంటాయి గనక? ఇప్పుడు మెయిన్‌లాండ్‌లో ఉద్యోగం చేస్తోంది. బాగుందా అని నేను అడగడం లేదు, నువ్వూ అడగకు.

పిల్లని ఎవరికి ఇస్తారో నాకు చెప్పరు, నీకూ చెప్పరు. ఏ ఊళ్ళో పెరుగుతుందో తెలీదు. మంచివాళ్ళే అయి ఉంటారని రోజూ అనుకుంటున్నాను. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఎవరి పోలికో నువ్వు అడగలేదు. అడగడానికి భయపడ్డావని నాకు తెలుసు. ముక్కు మాది. మిగతాదంతా నువ్వే. ఆ కనుబొమలు, ఆ గడ్డం, అలిగినప్పుడు బిగించే మూతి. ఏడో తరగతిలో బెంచీ ఎక్కించినప్పుడు నువ్వు పెట్టిన మొహమే అది. స్నానం పోస్తూ నిన్ను నోరారా తిడదామని మొదలుపెట్టేవాణ్ణి. నీ మొహం పెట్టుకుని నా ఒళ్ళోంచి నన్నే చూసేది.

ఇక రాయకు, నేనూ రాయను. నిన్ను అసహ్యించుకోవడం నాకు సులువైన పనే, ముందూ చేశాను, ఇకమీదా చేస్తాను. ఆ మూడు వారాలు మాత్రం నా వల్ల కాలేదు.

గురునాథం